ముఖం ఉన్న కణాలు, ముఖం లేని రక్తం: 'సెల్స్ ఎట్ వర్క్' అభిమానం చెబుతున్నదేమిటి?

మోకాలు చెక్కుకుపోయిన చోట కట్టిన పక్కును గిల్లకుండా ఉండటం ఎవరికైనా కష్టమే. శరీరంలోని కణాలను మనుషులుగా చూపే 'సెల్స్ ఎట్ వర్క్' అనే జపనీస్ యానిమే (కదిలే బొమ్మల ధారావాహిక) రెండో ఎపిసోడ్ చూసిన అభిమానుల్లో చాలామంది మాత్రం ఇక ఎప్పటికీ పక్కు జోలికి పోమని రాసుకున్నారు. అందులో ప్లేట్‌లెట్లు నీలం చొక్కాలు, తెల్ల టోపీలు వేసుకున్న చంటిపిల్లలు. గాయమంటే ఊరి మధ్యలో పడిన పెద్ద గొయ్యి. పిల్లల నాయకురాలు ముందు నిలబడి, గడ్డకట్టించే పదార్థాలు అందరూ తెచ్చుకున్నారా అని అడుగుతుంది, ప్రవాహానికి కొట్టుకుపోకుండా జీపీ1బీతో (వాటి పైపొర మీదుండే, అంటుకోవడానికి పనికొచ్చే ప్రోటీన్) గట్టిగా పట్టుకోమని చెబుతుంది. అంత కష్టపడి వాళ్లు వల పరిచి మూసిన గొయ్యిని గోటితో పెకలించడానికి చూసినవాళ్లకు మనసొప్పలేదు.

ఈ యానిమే మీద వచ్చిన స్పందన అంతటికీ ఇది మచ్చుతునక. ఎంత నేర్చుకున్నామనే మాట తక్కువగానే వినిపించింది. ఎక్కువగా వినిపించినది మమకారం. తొందరగా పడుకుంటామని, నీళ్లు తాగుతామని, సిగరెట్ మానేస్తామని, లోపల ఇంతమంది పనిచేస్తుంటే బతకాలనిపిస్తోందని అభిమానులు రాశారు. విద్యాబోధన కోసం తీసిన కార్యక్రమాలకు ఇలాంటి స్పందన అరుదు. ఇది ఎలా సాధ్యమైందో, ఎక్కడ తడబడిందో రెండూ చూడాలి.

మూలకథ అకానే షిమిజు గీసిన మాంగా. హైస్కూల్లో చదువుతున్న చెల్లెలు, జీవశాస్త్రం పాఠం గుర్తుండేలా కణాల మీద బొమ్మల కథ గీసి పెట్టమని అడగడంతో ఆలోచన మొదలైంది. 2015లో కొదాన్షా వారి 'మంత్లీ షోనెన్ సిరియస్' పత్రికలో ధారావాహికగా మొదలై, 2021 జనవరిలో కొత్త కరోనా వైరస్ అధ్యాయంతో ముగిసింది. మొత్తం 6 సంపుటాలు. డేవిడ్ ప్రొడక్షన్ స్టూడియో, కెనిచి సుజుకి దర్శకత్వంలో తీసిన 13 ఎపిసోడ్ల యానిమే 2018 జులై నుంచి సెప్టెంబరు వరకు ప్రసారమైంది. 2021 ఆరంభంలో రెండో సీజన్, దానితో పాటే 'కోడ్ బ్లాక్' అనే చీకటి రూపం వచ్చాయి. 2024 డిసెంబరులో మనుషులు నటించిన సినిమా కూడా విడుదలైంది.

శరీరంలోని కణాలను మనుషులుగా చూపడం కొత్త ఊహేమీ కాదు. ఫ్రాన్స్‌లో ఆల్బేర్ బారియే 1987లోనే 26 భాగాల కార్టూన్ ధారావాహికగా ఆ పని చేశాడు. షిమిజు ప్రత్యేకత వేరే చోట ఉంది. ఆమె ప్రతి కణం జీవలక్షణాన్నీ ఉద్యోగంగా, దుస్తులుగా, స్వభావంగా మార్చింది. ప్లేట్‌లెట్లు నిజంగానే చాలా చిన్నవి, 2 నుంచి 3 మైక్రోమీటర్లు. మెగాకార్యోసైట్ అనే పెద్ద కణం నుంచి తునకలుగా ఊడి వచ్చేవి, కేంద్రకం ఉండదు. అందుకే చంటిపిల్లలు. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం రక్తనాళం గోడలోంచి దూరి కణజాలంలోకి పోగలదు. అందుకే యూ-1146 అనే తెల్ల యూనిఫారం యోధుడు గోడల్లోంచి ఊడిపడుతుంటాడు. మోనోసైట్ అనే ఇంకో తెల్లకణానికి రక్తంలో ఉన్నంతసేపు ఒక రూపం, కణజాలంలోకి పోతే మాక్రోఫేజ్‌గా ఇంకో రూపం. తెరమీద ఒకే మనిషి నాళం లోపల ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తుల్లో, బయట గౌనుతో చిరునవ్వు చిందిస్తూ పెద్ద కత్తి పట్టుకుని కనిపిస్తుంది. ఇది చూసినవాళ్లకు రెండు పేర్లూ ఒకే కణానివన్న సంగతి మళ్లీ చెప్పనక్కర్లేదు.

వీటన్నిటిలోకీ గొప్పది ఆరో ఎపిసోడ్‌లోని చిన్న వివరం. ఎముక మజ్జలో పెరుగుతున్న పసి ఎర్ర కణాల టోపీల మీద ఒక తెల్లని కుచ్చు ఉంటుంది. పెద్దయి ఉద్యోగంలోకి వెళ్లే వేళకు అది ఉండదు. ఆ కుచ్చు కేంద్రకానికి గుర్తు. మనిషి ఎర్ర రక్తకణం పరిపక్వమయ్యేటప్పుడు కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆ పసికణాలకు పాఠం చెప్పే టీచరమ్మగా మాక్రోఫేజ్‌ను పెట్టడం అలంకారం కాదు. నిజమైన మజ్జలో ఎర్రకణాలు మాక్రోఫేజ్ చుట్టూ గుమిగూడి పెరుగుతాయి, అవి వదిలేసిన కేంద్రకాలను మాక్రోఫేజే తినేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ముద్దుగా అనిపించి ఊరుకునే దృశ్యం, హిస్టాలజీ (కణజాల శాస్త్రం) చదివాక మళ్లీ చూస్తే రోమాంచం కలిగిస్తుంది. వైద్య విద్యార్థులు ఈ సిరీస్‌ను రెండోసారి, మూడోసారి చూడటానికి ఇలాంటి చోట్లే కారణం.

వైద్యుల స్పందనతో అభిమానం ఇంకో మలుపు తిరిగింది. బ్రిటన్ వైద్యుడు ఎడ్ హోప్ లాంటివాళ్లు ఒక్కో ఎపిసోడ్ చూస్తూ, ఆపుతూ, ఏది సరైనదో ఏది కాదో యూట్యూబ్‌లో వివరించారు. అభిమానులు ఆ వీడియోల కోసం కథ కోసం ఎదురుచూసినట్టే ఎదురుచూశారు. చైనాలో బిలిబిలి అనే వీడియో వేదిక మీద ప్లేట్‌లెట్ పాప పెద్ద తార అయింది. చొంగ్‌ఛింగ్ నగరంలోని ఒక పాఠశాలలో ఈ యానిమే చూడటాన్నే జీవశాస్త్రం హోంవర్కుగా ఇచ్చారని 2018లో వార్తలు వచ్చాయి. తెలుగునాట బైపీసీ విద్యార్థులకు తెల్లకణాల అయిదు రకాలు, వాటి శాతాలు పట్టిక రూపంలో బట్టీ పట్టడం అలవాటే. పట్టికలో బేసోఫిల్ అన్నిటికన్నా తక్కువ శాతం ఉన్న గడి మాత్రమే. యానిమేలో గొడుగు పట్టుకుని ఎవరికీ అర్థంకాని మాటలు పలికే వింత మనిషి. దాని పనిలో ఇంకా తేలని సంగతులు చాలా ఉన్నాయన్నది ఆ ఒక్క రూపంతో మనసుకెక్కుతుంది. పరీక్షలో మార్కు పట్టికకే రావచ్చు, కానీ పట్టికను మోసుకెళ్లే కొక్కెం కథే ఇస్తుంది.

ఇంతవరకూ మెచ్చుకోవలసినదే. అభిమానుల మాటల్లో అన్నిటికన్నా లోతైన చర్చ అయిదో ఎపిసోడ్ చుట్టూ సాగింది. దేవదారు పుప్పొడి కంట్లో పడుతుంది. యాంటీబాడీలు తయారుచేసే బి కణం తన పద్ధతి ప్రకారం ఐజీఈ అనే రకం యాంటీబాడీలు చల్లుతుంది. మాస్ట్ కణం తన నియమం ప్రకారం దురద, వాపు తెచ్చే హిస్టమిన్ వదులుతుంది. ఎవరి పని వాళ్లు నిజాయితీగా చేస్తుంటే ఊరంతా మునిగిపోతుంది. ఆ పుప్పొడి పాపం ఎవరికీ కీడు తలపెట్టినది కాదు. చివరికి రోబో రూపంలో స్టెరాయిడ్ వచ్చి ఎదురుపడిన ప్రతిదాన్నీ కాల్చేస్తుంది. జపాన్‌లో 2019 సర్వే ప్రకారం దాదాపు పదిమందిలో నలుగురికి ఈ పుప్పొడి పడదు. యుద్ధానంతరం కొండల నిండా నాటిన దేవదారు వనాల ఫలితమిది. కాబట్టి అక్కడి ప్రేక్షకులకు ఈ కథ సొంత ముక్కు, సొంత కళ్ల కథ. మన పొలాల గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడితో ఒళ్లు దద్దుర్లెక్కే రైతుకూలీలకు జరిగేదీ రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడమే, దారి మాత్రం కొంత వేరు.

విలన్ లేని విపత్తును అంత సూటిగా చూపిన బాల కథ మరొకటి దొరకడం కష్టం. అలర్జీని 'ఒంట్లో శక్తి లేకపోవడం' అనుకునేవాళ్లు నేటికీ ఉన్నారు. రోగనిరోధక శక్తిని పెంచే పొడులు, కషాయాలు అమ్ముడుపోయేది ఆ ఊహ మీదే. నిరోధక శక్తి ఎక్కువైతే మంచిదేనన్న నమ్మకాన్ని ఒక్క ఎపిసోడ్ కూల్చేసింది. అయితే స్టెరాయిడ్‌ను విధ్వంసక యంత్రంగా చూపడం ఇబ్బందే. ముక్కులో కొట్టుకునే స్ప్రే, చర్మం మీద రాసుకునే లేపనం, సూదిమందు ఒకటి కావు. డాక్టర్ రాసిన మందును భయంతో మానేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వాళ్ల భయానికి ఆ రోబో ఒక రూపం ఇచ్చింది.

ఏడో ఎపిసోడ్‌లో క్యాన్సర్ కణం వచ్చినప్పుడు అభిమానులు రెండుగా చీలారు. అకిరా ఇషిదా గొంతుతో ఆ కణం, తాను కావాలని చెడ్డగా పుట్టలేదని, విభజనలో జరిగిన పొరపాటుకు పుట్టగానే తరిమారని వాపోతుంది. చాలామంది దానికోసం ఏడ్చారు. ఇంట్లో మనిషిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్నవాళ్లకు అలాంటి కన్నీళ్లు కటువుగా తోచడం సహజం. ఆ బాధను తప్పుపట్టలేం. అయినా శాస్త్రం దృష్టితో చూస్తే రచయిత్రి ఎంచుకున్నదే నిజానికి దగ్గర. క్యాన్సర్ బయటినుంచి దిగిన శత్రువు కాదు, మన కణమే. శరీరం దాన్ని గుర్తుపట్టలేకపోవడానికి, గుర్తుపట్టినా చేయి ఆపుకోవడానికి కారణం అదే. రెండో సీజన్ చివర్లో రెగ్యులేటరీ టి కణం క్యాన్సర్ కణానికి అడ్డం నిలబడి తోటి సైనికులనే ఆపేస్తుంది. చూసేవాళ్లకు ద్రోహంలా అనిపించే ఆ దృశ్యం అక్షరాలా జరిగేదే. సొంత అవయవాల మీద దాడి జరగకుండా కాపాడటం ఆ కణం పని, కణితి ఆ కాపలాను తనకు కవచంగా వాడుకుంటుంది.

మొదటి సీజన్ 2018 సెప్టెంబరు 29న ముగిసింది. అక్టోబరు 1న జేమ్స్ ఆలిసన్‌కు, క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన తసుకు హోంజోకు వైద్య నోబెల్ ప్రకటించారు. రోగనిరోధక కణాల బ్రేకులను వదులు చేసి క్యాన్సర్‌తో పోరాడించవచ్చని నిరూపించినందుకు. 2025లో అదే బహుమతి మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచిలకు దక్కింది. అది రెగ్యులేటరీ టి కణాల గురించే. సూటు వేసుకుని ముభావంగా నిలబడే ఆ పాత్ర తెలిసిన అభిమానికి ఈ నోబెల్ వార్త చదివేసరికి సగం అర్థమైపోతుంది. ఒక వినోద కథ ఇంతకన్నా చేయగలిగిన మేలు ఏముంటుంది?

'కోడ్ బ్లాక్' రాగానే మమకారం అపరాధభావంగా మారింది. ఇక్కడి శరీరం పొగ తాగుతుంది, మద్యం తాగుతుంది, నిద్రపోదు. మొదటి కథలోనే కార్బన్ మోనాక్సైడ్ ఎర్రకణాలను పట్టుకుని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా ఆ వాయువు మీద 200 రెట్లకు పైగా ఆకర్షణ. ఉద్యోగులను పీల్చి పిప్పిచేసే కంపెనీలను జపాన్‌లో బ్లాక్ కంపెనీలంటారు, శరీరాన్నే అలాంటి కంపెనీగా మలిచారు. చూసినవాళ్లు తమ కాలేయానికి, గుండెకు క్షమాపణలు రాశారు. అలవాటు మార్చుకున్నామన్నవాళ్లూ ఉన్నారు. ఆ మార్పు ఎన్నాళ్లు నిలిచిందన్నది వేరే సంగతి.

ఈ చోట గట్టిగా అభ్యంతరం చెప్పాలి. ఒళ్లు పాడైందంటే ఒంటి యజమాని తప్పేనన్న అర్థం కథలోంచి సులువుగా తీయొచ్చు. రాత్రి షిఫ్టుల్లో నిద్ర పోగొట్టుకునే నర్సు, గుక్కెడు నీళ్లకు కూడా ఆగకుండా ఎండలో పనిచేసే మేస్త్రీ తమ కణాలను హింసిస్తున్నది సరదాకు కాదు. రోగనిరోధక వ్యవస్థే సొంత ఒంటి మీద దాడిచేసే టైప్ 1 డయాబెటిస్, లూపస్ లాంటి జబ్బుల్లో రోగి చేసిన తప్పేమీ ఉండదు. తమ టి కణాలే క్లోమం మీద దాడిచేస్తున్నవాళ్లకు, కణాలకు థాంక్స్ చెప్పమనే సందడి దూరంగానే వినిపిస్తుంది. కణాల మీద ప్రేమ మంచిదే. ఆ ప్రేమ రోగి మీద నిందగా తిరగకూడదు.

ఇంకో లోపం ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడారు. ముఖం ఉన్నదాని మీదే మనకు ప్రేమ పుడుతుంది, ముఖం లేనిది మరుగున పడుతుంది. తెలుగు ఇళ్లలో ప్లేట్‌లెట్ అనే మాట తెలిసింది డెంగీ వల్ల. వానాకాలం జ్వరం రాగానే 'కౌంట్ ఎంత?' అన్నదే మొదటి ప్రశ్న. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉండాల్సింది ముప్ఫై వేలకు వచ్చిందంటే ఇల్లంతా బొప్పాయి ఆకు రసం కోసం, ప్లేట్‌లెట్ దాతల కోసం పరుగు. ఈ యానిమే రెండో సీజన్‌లోనూ డెంగీ కథ ఉంది. 2014లో టోక్యో యోయోగి పార్కులో దోమలు కుట్టి, దాదాపు 70 ఏళ్ల తరువాత జపాన్ గడ్డమీదే డెంగీ సోకింది కనుక అక్కడివాళ్లకూ ఇది తెలిసిన భయమే. కానీ తీవ్రమైన డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువసార్లు ప్లేట్‌లెట్ల తగ్గుదల కాదు. రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) కారిపోయి రక్తం చిక్కబడి, బీపీ పడిపోవడం. అందుకే వైద్యులు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూస్తారు, సెలైన్‌ను కొలిచి ఎక్కిస్తారు. రక్తస్రావం లేకపోతే ప్లేట్‌లెట్లు ఎక్కించే ఆలోచన సాధారణంగా 10 వేల దిగువకు పడితేనే. ప్లాస్మాకు ముఖం లేదు, గొంతు లేదు. ఏ పాత్రా దాన్ని మోయలేదు. కౌంట్ చుట్టూ తిరిగే ఆందోళనకు పాపల మీది ప్రేమ కొంత బలాన్నే చేకూరుస్తుంది.

పదకొండో ఎపిసోడ్‌లోని వడదెబ్బ కథ మాత్రం ఆ లోటును కొంత పూడుస్తుంది. చెమట ఆరక, నాళాలు వెడల్పై, బీపీ జారిపోతుంటే ఏ యోధుడూ ఏమీ చేయలేడు. యూ-1146 అక్కడ ఒక సూక్ష్మక్రిమితో తలపడుతూనే ఉంటాడు గానీ ఊరిని బతికించేది అతని కత్తి కాదు. నరంలోకి దిగిన సూదిలోంచి వచ్చిన ద్రవం. 2015 మే నెలలో వడగాలులకు దేశంలో రెండువేల మందికి పైగా చనిపోతే అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఆ వేసవి గుర్తున్నవాళ్లకు ఈ ఎపిసోడ్ కల్పనలా అనిపించదు. ఉక్కపోత ఎక్కువున్న రోజు నీడలో ఉన్నా ఎందుకు ప్రమాదమో, చెమట కారడం కాక ఆరడమే చలువ అన్నది ఎందుకో, ప్రచార కరపత్రాల కన్నా అందులో స్పష్టంగా ఉంది. తెలుగు బడుల్లో మార్చి నెలలో చూపించదగిన ఎపిసోడ్ ఏదంటే ఇదే.

కణాలకు తెలివి, ఉద్దేశం అంటగట్టడం గురించి జీవశాస్త్రవేత్తల ఫిర్యాదు పాతదే. న్యూట్రోఫిల్ ఎవరినీ కాపాడాలనుకోదు. రసాయన వాసన ఎటు చిక్కగా ఉంటే అటు పాకుతుంది, దొరికిన బ్యాక్టీరియాను మింగి, కొన్ని గంటల్లోనో రోజుల్లోనో తానూ చచ్చిపోతుంది. ఇది తెలిసినవాళ్లు కూడా ఏఈ3803 అనే దారి మరిచే ఎర్రకణం ఒంటరిగా ఊపిరితిత్తుల దాకా వెళ్లి వస్తే సంతోషించారు. ఆ రెండూ ఒక మనసులో ఇమడగలవు. దేశదేశాల డాక్టర్లు వృత్తిలో ఒకలా, తెర ముందు ఇంకోలా ఉండగలిగారు కదా. శరీరంలోని 37.2 లక్షల కోట్ల కణాలన్న లెక్కను ఆ యానిమే పదేపదే చెబుతుంది. అంకెగా అది ఎవరికీ అందదు. ఆ గుంపులోంచి ఒక అమ్మాయి పేరుతో, టోపీతో బయటికొస్తే అందుతుంది.

ఈ మమకారానికి అసలు పరీక్ష 2024 సినిమాలో ఎదురైంది. హిదేకి తాకెఉచి దర్శకత్వంలో మేయి నగానో ఎర్రకణంగా, తాకెరు సతో తెల్లకణంగా నటించారు. మానా అషిదా పోషించిన నికో అనే అమ్మాయికి లుకేమియా అనే రక్త క్యాన్సర్ వస్తుంది. ఇన్నేళ్లుగా ప్రేక్షకులు ప్రేమించిన తెల్లకణాల కుటుంబంలోంచే జబ్బు పుడుతుంది. మందు అక్కడికి వచ్చి మంచి చెడు తేడా లేకుండా చంపుతుంది. కీమోథెరపీలో జుట్టు ఊడటం, నోట్లో పుండ్లు, చిన్న జ్వరానికే ఆసుపత్రికి పరుగు, ఇవన్నీ వేగంగా విభజించుకునే మంచి కణాలు కూడా బలవడం వల్లే. నవ్వుకోవడానికి వచ్చి ఏడుస్తూ బయటికొచ్చామని చూసినవాళ్లు చెప్పడంలో వింత లేదు.

లుకేమియా వార్డు తెలిసిన కుటుంబాలకు ఆ దృశ్యాల్లో కనిపించేది వేరు. మజ్జ మార్పిడికి ముందు రోగి సొంత మజ్జను మందులతో, కొన్నిసార్లు రేడియేషన్‌తో దాదాపు ఖాళీ చేస్తారు. దాత మూలకణాలను మామూలు రక్తంలాగే నరంలోంచి ఎక్కిస్తారు. అవి దారి వెతుక్కుంటూ ఎముకల్లోకి చేరతాయి. దాత బ్లడ్ గ్రూపు వేరైతే నెలలు గడిచేకొద్దీ రోగి గ్రూపూ దాత గ్రూపుగా మారుతుంది. మార్పిడి తరువాతి రెండు మూడు వారాలూ గాజు తలుపుల వెనక ఉన్న బిడ్డ గురించి తల్లిదండ్రులు రోజూ పొద్దున్నే అడిగేది ఒక అంకె, న్యూట్రోఫిళ్ల కౌంట్. అది వరుసగా మూడు రోజులు మైక్రోలీటరుకు 500 దాటితే కొత్త మజ్జ నాటుకున్నట్టు వైద్యులు లెక్కిస్తారు.